రిహార్సల్ రావు గారి సముద్రయానం

మల్లికార్జునరావు గారు రిహార్సల్ చెయ్యకుండా ఈ జన్మలో చేసిన పని ఒకే ఒక్కటి, పుట్టడం. "అదీ నెల తక్కువలో పుట్టారు కాబట్టి. తొమ్మిది నెలలూ నిండనిస్తే దానికీ ఒక ట్రయల్ వేసుకునేవారు" అంటారు వాళ్ళావిడ చాముండేశ్వరి గారు.

కాలిఫోర్నియాలో డబ్లిన్ అనే ఊళ్ళో మావి ఎదురెదురు ఇళ్ళు. పైగా ఒకే ఆఫీస్‌లో పదేళ్ళు పక్కపక్క సీట్లలో కూర్చున్నాం. అంచేత ఆయన గురించి మాట్లాడే హక్కు నాకు ఎవరూ ఇవ్వక్కర్లేదు, అనుభవించి సంపాదించుకున్నాను. నా పేరు దివాకర్. నాకు కోపం ఎక్కువని అందరూ అంటుంటారు. రావు గారిని ఎదురింట్లో పెట్టుకుని పదేళ్ళు బతకమనండి, వాళ్ళకీ వస్తుంది.

వాళ్ళత్తగారు మొదటిసారి అమెరికా వస్తున్నప్పుడు చూడాలి. ఫ్లైట్ ఆదివారం. ఈయన శనివారమే అదే టైముకి ఎయిర్‌పోర్ట్‌కి డ్రైవ్ చేశారు. నన్నూ లాక్కెళ్ళారు. చాముండేశ్వరి గారికి ఒక ట్రాలీ ఇచ్చి, "నువ్వు మీ అమ్మవి. అటునుంచి తోసుకుంటూ రా" అన్నారు. ఆవిడ వచ్చారు. ఈయన పూలగుత్తి ముందుకు చాచి, "అత్తయ్యగారూ, ప్రయాణం బాగా జరిగిందా?" అన్నారు.

"ఏం బాగులే నాయనా, నా కూతుర్ని పిచ్చివాడికిచ్చి చేశాం" అన్నారావిడ పాత్రలో లీనమైపోయి.

మర్నాడు అసలు అత్తగారు ఇంకో ద్వారంలోంచి బయటికొచ్చారు. ఈయన మాత్రం నిన్నటి స్తంభం దగ్గర్నుంచి అంగుళం కదల్లేదు. "అదిగో, అటు వస్తున్నారు, పరిగెత్తండి" అని నేను మొత్తుకుంటే, "మనం రిహార్సల్ చేసింది ఇక్కడ కదా దివాకరూ" అన్నారు. చివరికి అత్తగారే ట్రాలీ తోసుకుంటూ అల్లుడి దగ్గరికి రావాల్సొచ్చింది.

గృహప్రవేశం కథ ఇంకోటి. ముందురోజు అద్దె అపార్ట్‌మెంట్‌లో పాలు పొంగించే రిహార్సల్ పెట్టారు. పొంగిన పాలు స్టవ్ మీద మాడి, పొగకి అలారం మోగి, ఫైరింజన్ వచ్చింది. వచ్చిన వాళ్ళకి తలా రెండు మైసూర్‌పాకులు పెట్టి పంపారు. తెల్లారి కొత్తింట్లో పంతులు గారు "పాలేవమ్మా?" అనడిగితే మొగుడూ పెళ్ళాం మొహమొహాలు చూసుకున్నారు. పాలు నిన్ననే అయిపోయాయి. మా ఆవిడ హాసిని పరుగున మా ఇంటికెళ్ళి, ఫ్రిజ్‌లో ఉన్న పాల క్యాన్ పట్టుకొచ్చింది.

"ఈయనతోటి ఇట్లనే ఉంటది. అసలుది వచ్చేసరికి సామాన్లన్నీ రిహార్సల్ తినేస్తది" అంది హాసిని. తనది కరీంనగర్. మాట మొహం మీదే కొడుతుంది.

చాముండేశ్వరి గారి యాభయ్యో పుట్టినరోజుకి సర్‌ప్రైజ్ పార్టీ పెట్టారీయన. దానికీ రిహార్సల్ పెట్టారు, చాముండేశ్వరి గారితోనే! "ఆవిడ లేకపోతే ఆవిడ ఎక్కడ నిలబడుతుందో ఎలా తెలుస్తుందయ్యా?" అని నన్నే ఎదురడిగారు. పార్టీ రోజు ఆవిడ తలుపు తీసి, "అమ్మో, ఇదంతా నాకేనా!" అని ఎంత బాగా ఉలిక్కిపడ్డారంటే చప్పట్లు మారుమోగాయి.

సరే, అసలు కథకొస్తాను.

మా ఇంట్లో పై గదిలో ఉజ్వల అనే అమ్మాయి అద్దెకుంటుంది. ఊరు తుని. ఇక్కడే ఎమ్మెస్ చదివి, ఉద్యోగంలో చేరి, బుద్ధిగా పని చేసుకుంటుంటే కంపెనీలో లేఆఫ్ వచ్చింది. వీసా గడువు లోపల ఇంకో జాబ్ దొరక్కపోతే పెట్టె సర్దుకోవాలి. తెలివికేం లోటు లేదు. కానీ ఇంటర్వ్యూలో ఒక్క మాట తడబడిందంటే చాలు, పిల్లకి నోరు పడిపోతుంది. ఆ తర్వాత తన పేరడిగినా చెప్పలేదు.

దీనికో కారణం ఉంది. పోయిన వేసవిలో పాత ఆఫీస్ వాళ్ళతో అలల మీద బోర్డెక్కి నిలబడే సర్ఫింగ్‌కి వెళ్ళింది. బోర్డు మీంచి పడి, మోకాలి లోతు నీళ్ళలో "హెల్ప్! హెల్ప్!" అని అరిచింది. ఎవడో పుణ్యాత్ముడు దాన్ని వీడియో తీసి ఆఫీస్ గ్రూప్‌లో పెట్టాడు. నెల్లాళ్ళు నవ్వుకున్నారట. అప్పట్నించీ ఎక్కడ నోరు విప్పాలన్నా ముందు ఎవరు నవ్వుతారోనని చూసుకుంటోంది.

రావు గారు రోజూ సాయంత్రం ఉజ్వలకి మాక్ ఇంటర్వ్యూ పెట్టేవారు. డైనింగ్ టేబుల్ వెనక కూర్చునేవారు. పైన కోటు, టై, కింద లుంగీ.

"అంకుల్, లుంగీ ఏంటి?"

"జూమ్‌లో కిందది ఎవరికి కనిపిస్తుందమ్మా? టెల్ మీ అబౌట్ యువర్‌సెల్ఫ్."

ఉజ్వల గడగడా మొదలుపెట్టేది. ఎక్కడో ఒక మాట తప్పేది. అంతే, తల దించేసుకునేది. రావు గారు అరగంట కూర్చున్నా ఆ తల లేచేది కాదు. అప్పటికి రెండు కంపెనీల వాళ్ళు వద్దనేశారు. మిగిలింది ఒక్క ఇంటర్వ్యూ, వచ్చే సోమవారం. అది పోతే ఇక టికెట్ బుక్ చెయ్యడమే.

"ఈ శనివారం అందరం శాంటా క్రూజ్ వెళ్తున్నాం" అని ప్రకటించారు రావు గారు. "పొద్దున్న హవాయి పడవ, మధ్యాహ్నం సర్ఫింగ్."

"సోమవారం ఇంటర్వ్యూ పెట్టుకుని సముద్రమేంటండీ? మతుండే మాట్లాడుతున్నారా?" అన్నాను.

"నేను నీళ్ళలోకి దిగను అంకుల్" అంది ఉజ్వల.

"దిగొద్దమ్మా. పడవలో కూర్చో చాలు. టీచరుతో కలిపి ఆరుగురు ఉంటేగానీ ఆ పడవ నడవదట. మాకు ఒకరు తక్కువయ్యారు" అన్నారాయన. ఆ పిల్లకి మొహమాటం ఎక్కువ. సరేనంది.

చాముండేశ్వరి గారు నన్ను పక్కకి పిలిచి, "ఈయన వాలకం నాకేం బాలేదు దివాకర్ గారూ. కొన్ని శనివారాలుగా కాస్ట్‌కోకని వెళ్తున్నారు. సామాన్లుండవు, తల మాత్రం తడిసి వస్తున్నారు. అడిగితే కార్ వాష్‌లో అద్దం ఎత్తడం మర్చిపోయానంటారు" అన్నారు.

"ప్రతి శనివారమా?"

"ప్రతి శనివారం!"

ఆయన సంగతి తెలిసినవాణ్ణి కాబట్టి నేను నమ్మేశాను. కార్ వాష్‌కి కూడా రిహార్సల్ చేస్తున్నారనుకున్నాను.

శుక్రవారం సాయంత్రం వాళ్ళ డ్రైవ్‌వేలో రిహార్సల్. ఒకదాని వెనక ఒకటి ఆరు మడత కుర్చీలు. ఎడం పక్కన రెండు కర్టెన్ రాడ్లతో కట్టిన ఇస్త్రీ బల్ల. హవాయి పడవకి పక్కన అలాగే ఒక తేలుడు దుంగ ఉంటుందట, పడవ బోల్తా పడకుండా కాసేది అదేనట. తెడ్లకి బదులు మా చేతుల్లో చీపుళ్ళు.

"ఎటు వంగాలన్నా ఎడం పక్కకే" అన్నారు రావు గారు. "కుడి పక్కకి వంగితే ఆ దుంగ గాల్లోకి లేస్తుంది, అందరం నీళ్ళలో ఉంటాం. అలా పడితే ఎవరి సీటు నంబరు వాళ్ళు గట్టిగా అరవాలి. ఆరూ వినిపిస్తే అందరూ క్షేమం. ఏదీ, పడండి!"

"ఏంటీ?"

"కుర్చీల్లోంచి పడండయ్యా! రిహార్సల్!"

నేను పడలేదు. బాపట్లవాణ్ణి, సముద్రం పక్కన పెరిగినవాణ్ణి, నాకు కుర్చీలోంచి పడటం నేర్పుతారా? చేతులు కట్టుకు కూర్చున్నాను. హాసిని, చాముండేశ్వరి గారు ముసిముసిగా నవ్వుకుంటూ, ఉజ్వల మొహమాటపడుతూ గడ్డి మీదకి ఒరిగారు. అటుగా కుక్కని తిప్పుతున్న తెల్లాయన ఆగి, "ఆర్ యూ ఫోక్స్ ఓకే?" అనడిగాడు.

"వీ ఆర్ ఇన్ ద సీ!" అన్నారు రావు గారు గడ్డిలోంచి చెయ్యూపి. కుక్క మొరిగింది. నా పరువు ఆ సాయంత్రమే ఆ సముద్రంలో కలిసిపోయింది.

మర్నాడు తెల్లారకుండానే బయల్దేరాం. కొండ దారి వంపులన్నీ తిరిగి శాంటా క్రూజ్ చేరేసరికి బీచ్ మీద ఇంకా మంచు. పడవ నడిపేదీ, సర్ఫింగ్ నేర్పేదీ కలానీ అనే హవాయి అమ్మాయి. రావు గారిని చూడగానే ఆమె మొహం విప్పారింది. "హేయ్, రా..." అని ఏదో అనబోయింది. ఈయన గబగబా దగ్గి, ఎదురెళ్ళి ఆమె చెయ్యి పట్టుకుని, "నైస్ టు మీట్ యూ! నైస్ టు మీట్ యూ!" అన్నారు. పరిచయాల రిహార్సల్ నిన్న చెయ్యలేదు, అందుకే కంగారు పడుతున్నారనుకున్నాను.

ముందు రబ్బరు సూట్లు తొడుక్కోవాలి. ఆ నీళ్ళు మంచునీళ్ళు, సూట్ లేకుండా దిగితే బిగుసుకుపోతాం. నేను జిప్ ముందుకి వచ్చేలా వేసుకున్నాను. "జిప్ వెనక్కి దివాకరూ. పాదానికి ప్లాస్టిక్ కవర్ చుట్టుకో, సర్రున దూరుతుంది" అంటూ రావు గారు జేబులోంచి ఇండియన్ స్టోర్ కవర్లు తీసి అందరికీ పంచారు. నిజంగానే సర్రున దూరింది. ఈయనకి ఇవన్నీ ఎలా తెలుసో అడుగుదామనుకున్నాను. చలికి నోరు తిరగలేదు.

ఈలోగా చాముండేశ్వరి గారు పడవకి పసుపు కుంకుమ పెట్టేశారు. కొత్త కారు కొంటే పూజ చేస్తాం కదా, కొత్త పడవ ఎక్కుతూ చెయ్యమా అని ఆవిడ వాదం. నిమ్మకాయల దగ్గర చిక్కొచ్చింది.

"చక్రాల కింద పెట్టాలి. దీనికి చక్రాలేవీ?"

"ముందొకటి వెనకొకటి పెట్టు. కొబ్బరికాయ తియ్యి" అన్నారు రావు గారు.

"కొబ్బరికాయా? నిన్న రిహార్సల్లో కొట్టించారుగా. చట్నీ చేసేశాను."

"చట్నీ ఏదీ?"

"ఇడ్లీల డబ్బాలో ఉంది."

"అదే నైవేద్యం పెట్టు."

కలానీ నవ్వుతుందేమోనని నేను సిగ్గుతో చచ్చిపోతున్నాను. ఆ అమ్మాయి నవ్వలేదు. తమవాళ్ళు కూడా పడవని ఇంట్లో పెద్దమనిషిలా చూసుకుంటారని, ఎవరూ దాన్ని దాటరని, చుట్టూ తిరిగి వెళ్తారని చెప్పింది. చెప్పి, ఇడ్లీ చట్నీలో ముంచుకుని తింది. ఇంకోటి కూడా అడిగింది.

పడవ నీళ్ళలోకి నెట్టాం. మొదటి సీటు చాముండేశ్వరి గారు, రెండు ఉజ్వల, మూడు నేను, నాలుగు హాసిని, ఐదు రావు గారు, వెనక ఆరో సీట్లో కలానీ. పడవలోకి వచ్చే నీళ్ళు తోడటానికి రావు గారు ఇంటి నుంచి స్టీలు చెంబు తెచ్చుకున్నారు. మొదట తెడ్లు ఒకదానికొకటి కొట్టుకున్నాయి. అప్పుడు చాముండేశ్వరి గారు "హైలెస్సా!" అని గొంతెత్తారు. వెనక మేమందరం "హైలెస్సా!" అన్నాం. ఎవరో లాగి వదిలినట్టు పడవ ముందుకి దూకింది.

నిజం చెప్పొద్దూ, ఒళ్ళు పులకరించింది. మంచు విడిపోయింది. ఎండ పడి నీళ్ళు తళతళ మెరుస్తున్నాయి. నా ముందు ఉజ్వల వీపు కాస్త నిటారైంది. తెడ్డు బాగా వేస్తోంది. అంతలో కుడి పక్కన ఒక సీల్ జంతువు మీసాల మొహం నీళ్ళలోంచి పైకెత్తి నా వంక చూసింది.

"అదిగో సీల్! హాసినీ, ఇటు చూడు!" అని నేను వంగాను, కుడి పక్కకి.

ఇస్త్రీ బల్ల, అదే, ఆ దుంగ గాల్లోకి లేచింది. రావు గారు "దివాకరూ!" అన్నది ఒక్కటే వినిపించింది. తర్వాతంతా నీళ్ళే.

లైఫ్ జాకెట్లుండబట్టి బుడుంగుమని పైకి తేలాం. ముక్కులోంచి ఉప్పునీళ్ళు కారుతున్నాయి. "నంబర్లు!" అని కేక పెట్టారు రావు గారు.

"ఒకటి!" అన్నారు చాముండేశ్వరి గారు.

తర్వాత ఏం వినిపించలేదు. 

"ఉజ్వలా! నంబరమ్మా!"

పడవకి అటుపక్క నుంచి పీలగా, "రెండు" అని వినిపించింది.

"మూడు!" అని నేనరిచిన అరుపుకి ఆ సీల్ మునిగిపోయింది. "నాలుగు! నా ఖర్మ నాలుగు!" అంది హాసిని. "ఐదు! చెంబు కూడా క్షేమం!" అన్నారు రావు గారు. కలానీ ఆరు చెప్పి, మా చేతే పడవ తిరగేయించి, అందర్నీ ఎక్కించింది.

ఒడ్డుకొచ్చాక ఉజ్వల టవల్ కప్పుకుని ఇసకలో కూర్చుంది.  "సారీ ఆంటీ, నాకిక ఓపిక లేదు. సర్ఫింగ్ మీరు చెయ్యండి. నేను సోమవారం ఇంటర్వ్యూ కూడా వద్దనుకుంటున్నాను. ఎలాగూ రాదు" అంది. హాసిని నన్ను చూసిన చూపు ఇక్కడ వర్ణించను. ఆ పిల్ల పెట్టె సర్దుకుని వెళ్ళిపోతే అది నా ఒక్క వంగుడు వల్లేనని నాకూ అనిపించింది. తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

రావు గారు బోర్డు చంకన పెట్టుకుని నీళ్ళలోకి నడిచారు.

మొదటి అల వచ్చింది. ఆయన బోర్డు మీద మోకాళ్ళ మీద లేచి, రెండు చేతులూ జోడించి ఒడ్డుకి నమస్కారం పెట్టి, ఆ నమస్కారంతోనే మొహం ముందుకి పడ్డారు. రెండో అలకి ఒంటికాలి మీద లేచి, గాల్లో టై సర్దుకుంటున్నట్టు చేసి, వెనక్కి విరుచుకుపడ్డారు. మూడో అలకి బోర్డు ఒకవైపు, ఆయన ఒకవైపు పోయారు. నీళ్ళలోంచి ఒక చెయ్యి మాత్రం పైకి లేచి "ఐదు!" అని వినిపించింది.

బీచ్ బీచంతా పడీపడీ నవ్వింది. ఫోన్లు బయటికొచ్చాయి. యాభై దాటిన బొద్దు మనిషి, ఒంటికి నల్లటి రబ్బరు సూటు. ఆయన లేచి, తీసేవాళ్ళందరికీ వంగి వంగి దండాలు పెట్టి, ముక్కు చీదుకుని, మళ్ళీ వెళ్ళి పడ్డారు. చాముండేశ్వరి గారు కళ్ళు తుడుచుకుంటూ నవ్వారు. కిలకిలమంటూ ఇంకో నవ్వు వినిపించి వెనక్కి తిరిగాను. ఉజ్వల! టవల్ ఎప్పుడు జారిందో ఆ పిల్లకే తెలీదు.

"అంకుల్ అలా కాదు! మోకాలు వంచాలి!" అని అరిచింది.

"నాకేం తెలుసమ్మా! వచ్చి చూపించు!"

ఉజ్వల ఒక్క క్షణం చుట్టూ చూసింది. ఫోన్లన్నీ రావు గారి వైపే ఉన్నాయి. లేచి, బోర్డు తీసుకుని నీళ్ళలోకి నడిచింది. మొదటి అలకి పడింది. తల పైకెత్తి, "రెండు!" అని తనే అరిచి, తనే నవ్వింది. ఇంకోసారి పడింది. ఇంకోసారి. ఎన్నిసార్లో ఎవరూ లెక్కపెట్టలేదు. ఆ తర్వాత ఒక అల మీద కాళ్ళు వణుకుతూ, చేతులు చాచి, లేచి నిలబడింది. అలాగే ఒడ్డు దాకా వచ్చేసింది! హాసిని ఈల వేసింది. మా ఆవిడకి ఈల వెయ్యడం వచ్చని నాకు అప్పుడే తెలిసింది.

సాయంత్రం బోర్డులు కడుగుతుంటే కలానీ నా పక్కకొచ్చి మెల్లిగా అడిగింది. "మీ ఫ్రెండ్ బానే ఉన్నాడా? పోయిన శనివారం చక్కగా నిలబడి ఒడ్డు దాకా వచ్చాడు."

"పోయిన శనివారమా? ఎవరు? ఈయనా?"

"ప్రతి శనివారం వచ్చాడుగా. మొదట్లో నిలబడటం నేర్చుకున్నాడు. అది వచ్చేశాక ఇంకో కోరిక కోరాడు. అందరికీ నవ్వొచ్చేలా పడటం నేర్పమన్నాడు. ఇంతవరకు నన్నెవరూ అది అడగలేదు."

కాస్ట్‌కో! కార్ వాష్! తడిసిన తల! బోర్డు అక్కడే పడేసి రావు గారి మీదకి వెళ్ళాను.

"మీకు నిలబడటం వచ్చా?"

"ష్! మెల్లిగా!" అంటూ ఆయన ఉజ్వల వైపు చూశారు. అది అటు చట్నీ డబ్బా నాకుతోంది.

"నిలబడటం వచ్చినవాళ్ళకి పడటానికి రిహార్సల్ ఎందుకండీ?"

"పడటం రాకుండా పడితే దెబ్బలు తగుల్తాయయ్యా. ఈ వయసులో ఎముక విరిగితే ఎవడు చూస్తాడు?" అన్నారు. కాసేపు చెంబులోంచి ఇసక దులిపి, "ముందు ఒకడు బాగా పడి నవ్వించేశాడనుకో, తర్వాత పడేవాళ్ళని ఎవరూ చూడరు. ఆ పిల్లకి అంతే కావాలి దివాకరూ. తెలివి దాని దగ్గరే ఉంది" అన్నారు.

 పదేళ్ళ క్రితం నా వీసా ఇంటర్వ్యూ రిహార్సల్‌కి ఈయనే ఆఫీసరుగా కూర్చుని, ఫైలు మూడుసార్లు కింద పారేసి, "సారీ, నాకూ భయంగానే ఉంది" అన్నారు. చేతకానివాడనుకుని నవ్వుకున్నాను అప్పట్లో. ఎంత మంచి మనిషండీ ఈయన!

"కొబ్బరికాయ సంగతి మాత్రం మీ తప్పే" అన్నాను, ఏదో ఒకటి అనాలి కాబట్టి.

సోమవారం ఇంటర్వ్యూ అయింది. గురువారం మధ్యాహ్నం ఉజ్వల మెట్ల మీంచి దూకినంత పని చేసి కిందకొచ్చింది. ఆఫర్ వచ్చింది! హాసినిని పట్టుకుని గిరగిరా తిప్పేసింది.

"మధ్యలో ఒకటి తప్పు చెప్పాను అంకుల్" అంది నాతో, రోడ్డు దాటుతూ. "వాళ్ళు మొహాలు చూసుకున్నారు. నాకేమో మన రావు అంకుల్ నమస్కారం పెట్టి పడటం గుర్తొచ్చింది. నవ్వొచ్చేసింది. సారీ, మళ్ళీ చెప్తానన్నాను. మళ్ళీ చెప్పాను."

రావు గారింటి బెల్ కొట్టాం. ఆయనే తలుపు తీశారు, లుంగీలో.

"అంకుల్, జాబ్ వచ్చింది!"

ఆయన నోరు తెరిచారు.  కళ్ళలో నీళ్ళు గిర్రున తిరిగాయి. గభాలున తలుపు మూసేశారు.

మేం బయట నిలబడిపోయాం. లోపల ముక్కు చీదిన చప్పుడు. తర్వాత గొంతు సవరించుకున్న చప్పుడు.

"అది రిహార్సలమ్మా! ఇప్పుడు మళ్ళీ కొట్టు!"

ఉజ్వల నవ్వుతూ మళ్ళీ బెల్ కొట్టింది. ఈసారి లుంగీ మీద కోటు, టై. వెనక పంచదార గిన్నెతో చాముండేశ్వరి గారు.

"ఎవరూ, ఉజ్వలా! రామ్మా, రా! ఏంటి విశేషం?" అని ఎంతో ఆశ్చర్యంగా అడిగారాయన. అడుగుతుండగానే మళ్ళీ ఆ కళ్ళు నిండాయి, చెయ్యి తలుపు మీదకి పోయింది.

మూడోసారి కొట్టమనేలోపు నేను గడపలో కాలు అడ్డం పెట్టేశాను.